మడత పెట్టిన నొప్పి

పొద్దున టీలు తాగడం అయ్యాక ఇంటావిడ బకెట్టు పట్టుకుని గది గదికీ వచ్చేది. తలుపు మీద వేలితో కొట్టి, "ఉతకడానికి ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగేది. దిండు గలీబులు, తువ్వాళ్లు, చొక్కాలు, నొప్పులు, ఎవరికి ఏవుంటే అవి బకెట్టులో పడేసేవారు. రంగు దిగే బట్టలు మాత్రం విడిగా పెట్టమనేది, అంతకుమించి ఆవిడకి పట్టింపుల్లేవు. చలికాలం గడపడానికి ఆ దీవికి వచ్చేవాళ్లకి ఆ బస అంటే ఇష్టం. పెరడు సముద్రం వైపు తెరుచుకుని ఉంటుంది, దండేలు పొడుగ్గా ఉంటాయి, పైగా ఇంటావిడ దేన్నీ బండకేసి బాదదు, చేత్తోనే నలిపి ఉతుకుతుంది.

మెట్ల పక్క గదిలో ఇద్దరు వదినామరదళ్లు దిగారు. వదిన బస్సు డ్రైవరు. మరదలు, అంటే ఆవిడ మొగుడి చెల్లెలు, ఒక పెద్ద హోటల్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఇంటావిడ తలుపు కొట్టగానే డ్రైవరమ్మ మంచం అంచున కూర్చుని, పైజామా కాలు పైకి మడిచి, కుడి మోకాలి నొప్పిని తడిసిన మేజోడు లాగినట్టు కిందికి లాగి ఇచ్చేది. గోనెపట్టా అంత మందాన, ఇంజనాయిలు రంగులో ఉండేదది.

"ఇది ఏళ్ల నాటి సరుకమ్మా," అనేది ఇంటావిడ దాన్ని రెండు చేతులా అందుకుని. "నెమ్మదిగా వదలాలి."

"నెమ్మదంటే ఎంత నెమ్మదండీ? చలికాలం అయిపోయేలోగా నేను బస్సెక్కాలి."

"ఎండని తొందరపెట్టలేం కదమ్మా. మరి మీకేమీ లేవా?" అని పక్క మంచం వైపు చూసేది ఇంటావిడ.

"నాకేం నొప్పులండీ, మా వదిన తప్ప," అనేది మరదలు.

ఉతికిన నొప్పుల్ని ఇంటావిడ క్లిప్పులు పెట్టి దండెం మీద వేసేది. క్లిప్పు ఊడితే నొప్పి సముద్రంలోకి ఎగిరిపోతుందని ఎవరూ ఆశపడనక్కర్లేదు. సొంతదారు ఎంత దూరాన ఉన్నా తిన్నగా వచ్చి ఒంటికి అతుక్కుంటుంది. ఉప్పుగాలికీ, చలికాలపు మెత్తటి ఎండకీ రోజుకి కాస్త చొప్పున అది వెలవాలి. పొద్దువాలగానే ఎవరిది వాళ్లు తీసుకుని మళ్లీ వేసుకోవాలి, ఎందుకంటే రాత్రంతా బయట వదిలేస్తే మంచు తాగి రెట్టింపు బరువెక్కుతుంది. ఇవన్నీ ఆ బసకి వచ్చేవాళ్లకి స్నానానికి వేడినీళ్లు ఎప్పుడొస్తాయో తెలిసినంత మామూలుగా తెలుసు.

డ్రైవరమ్మ తొందరకి కారణం ఉంది. ఆవిడది కొండ మీంచి మార్కెట్టుకి దిగే బస్సు. వాళ్ల డిపోలో ఒక అలవాటుంది. కొత్తగా స్టీరింగు పట్టేవాళ్లకీ, జబ్బు చేసి లేచొచ్చినవాళ్లకీ పరీక్ష పెడతారు. డ్రైవరు ముందున్న పలక మీద సాసరు పెట్టి, అందులో నిండా టీ పోసిన కప్పు పెట్టి, బస్సు నిండా జనాన్ని ఎక్కించి కొండ దిగమంటారు. ఖాళీ బస్సు ఎవరైనా ఆపుతారు, బరువుంటేనే బ్రేకు సంగతి బయటపడుతుందని వాళ్ల నమ్మకం. అందుకని ఆ రోజు క్యాంటీనువాళ్లూ, సెలవులో ఉన్నవాళ్లూ, వాళ్ల ఇళ్లల్లోవాళ్లూ అందరూ బరువు కోసం ఎక్కుతారు. కింద మార్కెట్టు దగ్గర బస్సు ఆగాక సాసరులో ఒక్క చుక్క కనిపించినా పరీక్ష పోయినట్టే, ఆ టీ కాలవలో పారబోస్తారు. చుక్క లేకపోతే ఆ టీ డిపో మేనేజరే తాగుతాడు. వయసులో ఉండగా డ్రైవరమ్మ ఆ పరీక్ష నెగ్గిన తీరు చూసి డిపో అంతా ఆవిడకి నిండుకుండ అని పేరు పెట్టింది. తొణకదు కాబట్టి.

అలాంటి నిండుకుండ మొన్నటి చలిగాలులు మొదలైన రోజుల్లో ఒకనాడు తొణికింది. మార్కెట్టు స్టాపులో బ్రేకు మీద కాలు వెయ్యబోతే మోకాలు మొరాయించింది. ఒక్క ఊపిరి సేపే. కానీ బస్సు ఆలస్యంగా, కుదుపుతో ఆగింది. రోజూ కొండ మీంచి గుడ్లు తెచ్చుకునే ఆవిడ బుట్ట కింద పెట్టుకుని కూర్చునేది. ఆ బుట్ట బోర్లా పడింది. గుడ్లావిడ తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది. మర్నాటి నించి బుట్టని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా కావలించుకుని, పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటూ ప్రయాణం చేసేది. అద్దంలో ఆ పెదాలు కనపడేవి డ్రైవరమ్మకి. మోకాలి కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

డిపో డాక్టరు మోకాలు నొక్కి చూసి, ఉన్నదున్నట్టు చెప్పాడు. "చలికాలం ఎండున్న చోట గడిపి రా అమ్మా. తిరిగొచ్చాక మోకాలు వంగితే పరీక్ష పెడతారు. వంగకపోతే టిక్కెట్ల కిటికీ దగ్గర నీకో కుర్చీ వేస్తారు." కుర్చీలో కూర్చుని బతికేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్లంతా సుఖంగానే ఉన్నారు. కానీ డ్రైవరమ్మకి కదలని కుర్చీలో కూర్చోవడం చేతకాదు. పెళ్లిపీటల మీద కూడా కుడి కాలు ఆడిస్తూనే ఉందని మొగుడు ఇప్పటికీ చెబుతాడు.

ఆ మొగుడు గడియారాలు బాగు చేస్తాడు. పడవ పేరు చెబితేనే ఆయనకి కళ్లు తిరుగుతాయి. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత ఎలాగూ ఉంది కనక, పూర్తి మొగుడు ఇంటిపట్టున ఉండి అర్ధమొగుణ్ణి తోడిచ్చి పంపించాడు. అర్ధమొగుడు తన బరువుకి తోడు పెట్టెలో తువ్వాల్లో చుట్టిన ఇనుప ఇస్త్రీ పెట్టె కూడా తెచ్చుకుంది.

"దీవికి షికారు వెళ్తూ ఇస్త్రీ పెట్టె ఎందుకే మరదలా?" అని పడవలోనే అడిగింది డ్రైవరమ్మ.

"నీకు తెలీదులే వదినా. అక్కడ వాళ్ల పెట్టె ఎలా ఉంటుందో ఏమో."

"అసలు పెట్టెతో నీకేం పని అని అడుగుతున్నాను."

ముడత కనపడితే మరదలి చేతులు ఊరుకోవు. బసలో దిగిన రెండో రోజుకే గది తెరలకి ఇస్త్రీ అయింది. వారం తిరిగేసరికి ఇంటావిడ మేజా గుడ్డలకీ, పక్క గది తాతగారి జేబురుమాళ్లకీ అయింది. మెట్ల కింద ఒక బల్ల ఖాళీగా ఉంటే అది తనదే అన్నట్టు స్థిరపడిపోయింది. డ్రైవరమ్మేమో రోజూ దీవి బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చునేది. మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడ కుడిపాదం నేలని నొక్కేది. నొప్పి దండెం మీద ఆరుతుండగా మోకాలు తేలిగ్గా ఉండేది కానీ, ఖాళీగా, పట్టు లేకుండా, అద్దెకి తెచ్చుకున్న మోకాల్లా ఉండేది. సాయంత్రం నొప్పి తిరిగి వేసుకున్నాక సముద్రానికి దిగే రాతిమెట్లు కుడికాలు ముందు పెట్టి, కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కటే దిగేది. దిగి ఇసకలో నించుని, గట్టెక్కాలిరా భగవంతుడా అనుకుని, ఎడమకాలు ముందు పెట్టి మళ్లీ అలాగే ఎక్కేది.

పక్క గది తాతగారి దగ్గు బాగా వెలిసింది. వచ్చినప్పుడు ఇటిక రంగులో ఉన్న జేబురుమాలంత దగ్గు, చూస్తూ చూస్తూ ఉల్లిపొర అయింది. దాని వెనక సముద్రం కనపడేది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ పెరట్లో నారింజకాయలు ఒలుచుకుంటుండగా రెండు క్లిప్పుల మధ్య అది లేకుండా పోయింది. తాతగారు లేచి వెళ్లి దండెం తడిమి చూసుకున్నారు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, "పీడా పోయింది," అని వచ్చి నారింజ తొనలు తిన్నారు. డ్రైవరమ్మ పక్క క్లిప్పుల కేసి చూసింది. గోనెపట్టా గోనెపట్టాలాగే ఉంది. అంచులు కాస్త వెలిసినట్టున్నాయంతే. ఆవిడకి ఆ రోజు నారింజ నోట పెట్టబుద్ధి కాలేదు.

"వెలుస్తుందిలే వదినా, ఇంకా రోజులున్నాయి కదా," అంది మరదలు.

"ఉన్నాయి. అవి అయిపోతాయని నా భయం."

వాన పట్టిన రోజు ఒకటి వచ్చింది. ఇంటావిడ బజారుకి వెళ్లింది, డ్రైవరమ్మ దీవి బస్సులో ఉంది. సముద్రం మీంచి మబ్బు నల్లగా లేవడం చూసి మరదలు పెరట్లోకి పరిగెత్తి, దండెం మీదున్నవన్నీ క్లిప్పులు తీసి చంకన వేసుకుని, నొప్పులు ఎగిరిపోకుండా బట్టల మధ్య అదిమి, మెట్ల కింది బల్ల మీద గుట్ట పోసింది. అంతవరకూ ఎవరైనా చేసే పనే. కానీ గుట్ట ఎదురుగా ఉంది, పెట్టె ఉంది, బయట వాన, ఒంటరితనం. పెట్టె వేడెక్కింది. ఒక గలీబు అయింది, ఒక చొక్కా అయింది, తువ్వాలు అయింది. వాన చప్పుడు వింటూ, అన్నయ్య ఈపాటికి పొయ్యి మీద పాలు పొంగించి ఉంటాడని ఆలోచిస్తూ, గుట్టలోంచి చేతికి తగిలిన దాన్ని తీయడం, దులపడం, నీళ్లు చిలకరించడం, పెట్టె తోయడం. ఏళ్ల తరబడి అలవాటైన చేతులకి కళ్లుండవు. కాలిన ఇంజనాయిలు వాసన ముక్కుకి తగిలి ఆవిడ కిందికి చూసేసరికి వదిన మోకాలి నొప్పి రెండు వైపులా నిగనిగలాడుతూ, అంచుకి అంచు కలిసి, కత్తిలాంటి మడతతో బల్ల మీద పడుకుని ఉంది.

మరదలు పెట్టె పక్కన పెట్టి స్టూలు మీద కూలబడింది. మరక మీద పెట్టె పెట్టకూడదు. వేడి తగిలితే మరక నూలులో కలిసిపోతుంది, ఇక ఏ సబ్బుకీ లొంగదు. హోటల్లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆవిడ మొదటిరోజు చెప్పే మొదటి మాట అది.

ఇంటావిడ ముందు వచ్చింది. తడిసిన గొడుగు మూలన పెట్టి, బల్ల దగ్గరికొచ్చి నొప్పి అంచు వేళ్ల మధ్య రుద్ది చూసింది. "ఇస్త్రీ చేశారా?"

"చేశానండి."

"అయ్యో తల్లీ," అంది ఇంటావిడ. అంతలో డ్రైవరమ్మ తడిసిన జుట్టు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది, బల్ల చూసింది.

"ఇక ఇది ఎండకి వెలవదమ్మా," అంది ఇంటావిడ. మంచి మాట అయినా చెడ్డ మాట అయినా నాన్చే మనిషి కాదు. "రంగు కట్టేసింది. ఎన్నేళ్లు ఆరేసినా ఇలాగే ఉంటుంది."

డ్రైవరమ్మ గొంతు పెంచకుండానే అంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నా నొప్పి ముడతలు పడితే నీకొచ్చిన నష్టమేమిటి?"

"నేను చూడలేదు వదినా. చెయ్యి దాని మానాన అది..."

"నాకు ఆ కుర్చీ కనపడుతోందే ఇప్పుడు. కిటికీ వెనక కుర్చీ. నా బస్సు నా ఎదురుగా ఇంకెవరో నడుపుకుపోతుంటే చిల్లర ఇస్తూ కూర్చుంటాను. అందుకేనా ఇంత దూరం వచ్చింది?"

మరదలికి కన్నీళ్లు జలజలా కారాయి. ఆవిడ ఏడిస్తే తుడుచుకోవడానికి కూడా ఇస్త్రీ చేసిన జేబురుమాలే. దాన్ని పాడు చెయ్యడం ఇష్టం లేక చేత్తోనే తుడుచుకుంది. "కొట్టు వదినా, పడతాను. తిట్టకుండా మాత్రం ఉండకు."

"వాన వెలిసింది, మంచు దిగుతుంది," అంది ఇంటావిడ. "ముందు వేసుకోండమ్మా. ఎలాంటిదైనా మీదే కదా."

డ్రైవరమ్మ స్టూలు మీద కూర్చుని నొప్పిని మోకాలికి చుట్టబోయింది. గంజి పెట్టిన గుడ్డలా బిగుసుకుని ఉందది, చుట్టుకోదు. ఒకవైపు అదిమితే రెండోవైపు లేస్తుంది. వదిలితే జారి నేల మీద పడుతుంది. రెండుసార్లు చూసి, ఒళ్లు మండి, దాన్ని మడతకి మడత పెట్టి సగం చేసింది. మళ్లీ సగం, ఇంకా సగం. ఎక్కడా ఎదురు తిరగకుండా అరచేతిలోకి వచ్చింది. దాన్ని చొక్కా జేబులో కుక్కి, "నా వెనక ఎవరూ రావద్దు," అని చెప్పి తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

కోపంలో ఉన్న మనిషి మెట్లు చూసుకోదు. డ్రైవరమ్మ చూసుకోలేదు. అర్ధమొగుణ్ణి, ఆ పెట్టెని, పెట్టె కనిపెట్టినవాణ్ణి, అందరినీ వరసపెట్టి తిట్టుకుంటూ రాతిమెట్లు దిగింది. ఇసక పాదాలకి తడిగా తగిలాక ఆగింది. చెయ్యి కమ్మీ మీద లేదు. అసలు కమ్మీ తడిసిందో లేదో కూడా తనకి తెలియదు. వెనక్కి తిరిగి మెట్ల వంక చూసింది. కుడికాలు ముందు పెట్టి ఒక మెట్టు ఎక్కింది. ఇంకోటి ఎక్కింది. మోకాలు వంగింది, బరువు మోసింది, పైకి లేపింది. అద్దె మోకాల్లా లేదు. తనదే, పూర్వపుదే. జేబు తడిమి చూసుకుంటే నొప్పి అక్కడే, మడతలో, బుద్ధిగా ఉంది.

పైన గట్టు మీద నించున్న మరదలికి మొదట కనపడింది ఏమిటంటే, వదిన మెట్లెక్కి సగందాకా వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగి పరుగున దిగిపోవడం. మళ్లీ ఎక్కడం. మళ్లీ దిగడం. మూడోసారి రెండేసి మెట్లు దూకుతూ దిగి ఇసకలో నవ్వుతూ నించుంది.

"వదినా, ఏమైంది నీకు? మతి పోయిందా?"

"కిందికి రావే! వచ్చి చూడు!"

"అన్ని మెట్లు నేను దిగలేను. ఆయాసం నాకు."

"అయితే నేనే వస్తాను," అని డ్రైవరమ్మ ఒక్క ఉరుకున పైకొచ్చి మరదల్ని కావలించుకుంది. అంత మనిషినీ నేల మీంచి లేపాలని చూసింది కానీ, అది ఏ మోకాలి వల్లా అయ్యే పని కాదు. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. ఏది ముందో వాళ్లకే తెలియదు.

ఇంటావిడ సంగతంతా విని తల పంకించింది. "ముడతలు పడ్డ నొప్పి మడతకి లొంగదమ్మా, అందుకే ఎవరూ మడవలేదు. ఇన్నేళ్లలో నొప్పికి ఇస్త్రీ చెయ్యాలన్న ఆలోచన ఏ మహాతల్లికీ రాలేదు. మడత ఉన్నంతసేపూ ఇది మీ జోలికి రాదు. విడిందా, మళ్లీ మోకాలికే."

"మడత సంగతి నాకొదిలెయ్యండి," అంది మరదలు. ఆ సాయంత్రం ఆవిడ మాట్లాడిన మొదటి ధైర్యమైన మాట అది.

మిగిలిన రోజులు ఆ దీవి మీద వాళ్లిద్దరూ పండగలా గడిపారు. పొద్దున్నే మరదలు నొప్పికి పెట్టె తోసి, మడిచి, వదిన జేబులో పెట్టేది. ఇక డ్రైవరమ్మని పట్టేవాళ్లు లేరు. దీపస్తంభం దాకా నడిచింది, నారింజ తోటలు తిరిగింది, దీవి బస్సు డ్రైవరుని బతిమాలి ఒక మలుపు తనే తిప్పింది. తిరుగుపడవ ఎక్కేటప్పుడు ఇంటావిడ రేవుదాకా వచ్చి, "అమ్మా, మీ ఆడపడుచుని జాగ్రత్తగా చూసుకోండి," అంది. మోకాలి గురించి ఏమీ అనలేదు.

ఊళ్లో ఇంకా గడ్డకట్టే చలి. డిపో డాక్టరు మోకాలు వంచి, చాపి, మళ్లీ వంచి చూశాడు.

"బాగుందమ్మా. మరి నొప్పి?"

"జేబులో ఉందండి."

"మడత గట్టిదేనా?"

"మా మరదలు చేసింది."

"అయితే సరే," అని డాక్టరు మేనేజరుకి కబురు పంపాడు.

పరీక్ష రోజు బస్సు కొండ మీద నిలబెట్టారు. జనం బిలబిల్లాడుతూ ఎక్కారు. గడియారాలాయన కూడా వచ్చి వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మరదలు ఒక్కో మెట్టే ఎక్కుతూ, "బరువు కావాలన్నారట కదా, నన్నొక్కదాన్ని పిలిస్తే సరిపోయేది, ఇంతమందెందుకు?" అంది. క్యాంటీనువాళ్లు పగలబడి నవ్వి డ్రైవరు వెనక సీటు ఖాళీ చేసిచ్చారు. మేనేజరు టీ కప్పు తనే మోసుకొచ్చి పలక మీద పెట్టాడు. అంచుదాకా ఉంది టీ. "కానివ్వమ్మా," అని పక్కనే నించున్నాడు.

బస్సు కదిలింది. మొదటి మలుపు, రెండో మలుపు నున్నగా దిగింది. టీ కదిలింది కానీ అంచు దాటలేదు. చలికి కిటికీలన్నీ మూసేశారు. అంతమంది ఊపిరికి అద్దాల మీద నీళ్లు పట్టాయి, లోపలంతా ఆవిరి. మరదలు ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసింది. వదిన చొక్కా జేబు పొంగుతోంది. ఆవిరి తగిలితే మడత వదులవుతుందని ఈ లోకంలో ఎవరైనా మొదట గుర్తు చేసుకోవాల్సి ఉంటే అది తనే. గుర్తు రాలేదు. పెట్టె ఇంట్లో ఉంది.

జేబులో ఒక మూల విడివడి కిందికి జారడం డ్రైవరమ్మకి తెలిసింది. కుడి మోకాలిలో పాత చెయ్యి ఒకటి పట్టుకుని లాగినట్టయింది. బ్రేకు మీద పాదం తడబడింది, టీ కప్పు అంచుకి ఎగబాకి ఆగింది. కింద మార్కెట్టు రేకుల కప్పులు కనపడుతున్నాయి, ఆఖరి మలుపు మిగిలింది.

"వదినా, నువ్వు రోడ్డు చూసుకో. నేను తీస్తున్నాను."

మరదలు సీటు మీదుగా వంగి, వెనక నించి జేబులో చెయ్యి పెట్టి దాన్ని బయటికి లాగింది. అది చేపలా కొట్టుకుంటూ వదిన మోకాలి కేసి గింజుకుంది. మరదలు ఒళ్లో పెట్టుకుని, పాత గీతల వెంటే అరచేత్తో అదిమి, సగం, మళ్లీ సగం, ఇంకా సగం చేసింది. సీటు మీద పెట్టింది. పెట్టి, ఉన్న బరువంతా వేసి దాని మీద కూర్చుంది. పెట్టె లేని ఇళ్లల్లో లాగు మడిచి పరుపు కింద పెట్టుకుని పడుకునేవాళ్లని అడగండి, బరువుకి మించిన ఇస్త్రీ లేదని చెబుతారు.

"కూర్చున్నావా?" అంది డ్రైవరమ్మ వెనక్కి చూడకుండా.

"కూర్చున్నాను. ఇక లేవను. నువ్వు కానీ."

ఆఖరి మలుపు తిరిగింది. మార్కెట్టు స్టాపు వచ్చింది, గుడ్లు పగిలిన అదే స్టాపు. డ్రైవరమ్మ కుడికాలు బ్రేకు మీదికి వెళ్లింది. మోకాలు వంగింది, ఎంత నొక్కాలో అంతే నొక్కింది. నిద్రపోయిన పసిదాన్ని పక్క మీదికి దించినట్టు బస్సు ఆగింది. మేనేజరు వంగి కప్పు పైకెత్తి సాసరు చూశాడు. వేలితో తుడిచి వేలు చూసుకున్నాడు. తర్వాత నించున్నపళంగా ఆ టీ అంతా గటగటా తాగేశాడు.

"చల్లారిపోయిందమ్మా. రేపణ్ణించి కాస్త వేగంగా దిగు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

బస్సు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. నిండుకుండ, నిండుకుండ అని వెనక నించి ఎవరో అరిస్తే అందరూ అందుకున్నారు. గడియారాలాయన అప్పుడు కళ్లు తెరిచి, అయిపోయిందా అని అడిగాడు. డ్రైవరమ్మ స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, తల ఆనించి, మనసారా ఏడ్చింది. అందరూ దిగిపోయినా మరదలు మాత్రం లేవలేదు.

"లే ఇక. అయిపోయింది కదా."

"లేస్తే విడుతుందేమో వదినా."

"జన్మంతా దాని మీదే కూర్చుంటావా? ఇలా ఇయ్యి, జేబులో పెట్టుకుంటాను."

మరదలు లేచింది. కింద నొప్పి బిళ్లలా అణిగి ఉంది. దాన్ని వదినకి ఇవ్వలేదు, తన చేతిసంచిలో వేసుకుని మూతి బిగించింది. "జేబులో చెమట, ఆవిరి. అక్కడ నిలవదు. మా ఇంట్లో గూట్లో పెట్టి పైన ఇస్త్రీ పెట్టె పెడతాను. ఆదివారం ఆదివారం తీసి కొత్త మడత వేస్తాను."

"నీకు బరువు కాదుటే?"

"ఆ పెట్టెనే ఇన్నేళ్లూ మోశాను. ఇదో బరువా? కాకపోతే వచ్చే చలికాలం కూడా నన్ను దీవికి తీసుకెళ్లాలి. ఈసారి నొప్పుల్లేకుండా. ఆ మెట్లు నేనూ దిగి చూడాలి."

"నిన్ను ఎత్తుకుని దింపుతాను," అంది డ్రైవరమ్మ.

మర్నాడు పొద్దున మొదటి బస్సు ఆవిడదే. కొండ మీద గుడ్లావిడ బుట్ట పట్టుకుని ఎదురుచూస్తోంది. ఎక్కి, డ్రైవరు సీటు వంక చూసి, "వచ్చేశావా అమ్మా," అంది. అని వెనక సీట్లో కూర్చుని బుట్ట ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా కావలించుకుంది. అద్దంలో ఆవిడ పెదాలు కదలడం కనపడింది. మొదటి మలుపు తిరిగాక పెదాలు ఆగాయి. రెండో మలుపు తిరిగాక గుడ్లావిడ వంగి, బుట్టని కింద, కాళ్ల పక్కన పెట్టుకుని, తల కిటికీకి ఆనించింది. మార్కెట్టు స్టాపులో బస్సు ఆగింది. ఆగిన సంగతి ఆవిడకి తెలియలేదు. డ్రైవరమ్మే సీట్లోంచి దిగి వెళ్లి, భుజం తట్టి నిద్ర లేపాల్సి వచ్చింది.